వదిన జున్ను గిన్నె

మా వదిన పోయిన సంగతి అన్నయ్య నాకు ఇంగ్లీషులో చెప్పాడు. హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి "షీ ఈజ్ నో మోర్" అన్నాడు. బుద్ధెరిగినప్పటి నుంచి మేమిద్దరం తెలుగులో తప్ప మాట్లాడుకున్నది లేదు. నేను కూడా ఇంగ్లీషులోనే "ఓకే" అన్నాను. ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద ఉడుకుతున్న పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూశాను. సరిపోయింది. అప్పుడు పొయ్యి ఆపి, కోటు వేసుకుని, కారు తాళాల కోసం ఇల్లంతా వెతికాను. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి.

ఇది జరిగి నెల దాటింది. నేనింకా ఆ 'ఓకే' దగ్గరే నిలబడి ఉన్నాను. ఏడుపు వస్తుంది, కాస్త ఆగు అని అందరూ చెప్పారు. ఆగాను, రాలేదు. మన సంఘం పత్రికకి వదిన గురించి నాలుగు మాటలు రాయమంటే సరేనన్నాను కాని, గొప్ప మాటలేవీ నా దగ్గర లేవు. ఆవిడకి కూడా అవి గిట్టేవి కావు. అరోరాలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న మీలో చాలామంది ఆవిడ చేతి జున్ను తిన్నవాళ్ళే. అందుకని ఆ జున్ను వండే గాజు గిన్నె గురించి రాస్తాను. నాకు తెలిసిన వదిన చాలావరకు ఆ గిన్నె చుట్టూనే ఉంది.

డెబ్బైల చివర్లో, పెళ్ళైన కొత్తలో, నేను అమెరికాకి, ఈ ఊరికి వచ్చాను. అప్పటికే అన్నయ్యా వదినా ఇక్కడ కాపురం పెట్టి కొన్నేళ్ళయింది. కొత్త కాపురానికి పనికొస్తుందని వదిన నాకొక గాజు గిన్నె ఇచ్చింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా అని నేను దాన్ని ఎలక్ట్రిక్ పొయ్యి మీద పెట్టి, నూనె పోసి, పోపు వేశాను. ఆవాలు చిటపటలాడాయి. ఆ వెంటనే గిన్నె పేలింది. నేను వదినకి ఫోన్ చేసి ఏం చెప్పానో ఏమో, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగున వచ్చింది. ముందు నా కాళ్ళు తిప్పి తిప్పి చూసింది, గాజు గుచ్చుకుందేమోనని. గుచ్చుకోలేదని తేలాక నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వకు వదినా, నాకు ఒళ్ళు మండుతోంది."

"మండదూ మరి? పోపు కూరకి కాకుండా నీకే పెట్టుకున్నావాయె."

"ఓవెన్‌లో పెడితే పగలని గిన్నె పొయ్యి మీద పెడితే ఎందుకు పగలాలి? నిప్పు నిప్పే కదా!"

"ఓవెన్‌లో పైనా కిందా సమానంగా కాలుతుందే పిల్లా. అలా ఎంత కాల్చినా ఓర్చుకుంటుంది. ఒక్క చోటే కాల్చావనుకో, పేలిపోతుంది. అచ్చం మీ అన్నయ్యే."

ఇక జున్ను సంగతి. ఈ దేశంలో జున్నుపాలు మనకెవరు పోస్తారు? ఈనిన ఆవు ఇల్లినాయిలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది కాని, చెంబు పట్టుకుని దాని యజమాని గుమ్మంలో నిలబడలేం కదా. వదిన డబ్బా పాలు, చిక్కటి పెరుగు, బ్రౌన్ షుగర్, యాలకులు, మిరియాల పొడి కలిపి గాజు గిన్నెలో పోసేది. ఆ గిన్నెని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టి ఓవెన్‌లోకి తోసేది. బయటికొచ్చాక కత్తితో కోస్తే ముక్క నిలబడేది. "ఇది జున్నే కాదు" అని నేను ప్రతిసారీ అనేదాన్ని. "కాదు కాబట్టే మారు పెట్టించుకుంటున్నావు" అని ఆవిడ ప్రతిసారీ అనేది. వదినా మరదళ్ళం. ఒకరినొకరు దెప్పిపొడుచుకోకపోతే మాకు తిన్నది అరిగేది కాదు.

గిన్నె అంచుల వెంట జున్ను మాడి, గాజుని పట్టుకుని ఊడేది కాదు. మొదట్లో ఒకసారి అది తోమే పని నా మీద పడింది. ఆ రోజు ఆఫీసులో సూపర్‌వైజర్‌కి నా పేరు పలకడం రాక, పలకలేకపోయినందుకు వాడే అందరి ముందూ పగలబడి నవ్వాడు. ఆ కోపమంతా స్టీలు పీచుకి ఎక్కించి బరబరా తోముతున్నాను. వదిన వచ్చి కుళాయి కట్టేసింది.

"ఎవరి మీద?" అంది.

"ఎవరి మీదేంటి, గిన్నె మీద."

"అది నిన్నేమంది పాపం?" గిన్నె నా చేతిలోంచి లాక్కుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించింది. గాజు నిండా సన్నటి గీతలు. "చూడు. మాడు పోలేదు కాని నీ కోపం మాత్రం పడింది. ఇక రేపట్నుంచి ఈ గీతల్లో దూరి మాడు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గీకకమ్మా. నానబెట్టు."

తర్వాత ఎలా నానబెట్టాలో చూపించింది. గిన్నె పూర్తిగా చల్లారేదాకా ఆగాలి, వేడి గాజు మీద చన్నీళ్ళు పడితే చిట్లుతుంది. చల్లారాక వేడినీళ్ళు, పిడికెడు తినే సోడా, కాస్త గిన్నెల సబ్బు. పోసి, దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. వదిలెయ్యడమే కష్టం అనేది వదిన, పదే పదే వెళ్ళి వేలు పెట్టి చూడాలనిపిస్తుందట. ఆ తర్వాత, కారు అద్దం మీద మంచు గీకే ప్లాస్టిక్ చెక్క ఒకటి తీసేది. ఏదో బ్యాంకు వాళ్ళు ఊరికే ఇచ్చారు. అది ఎన్నడూ కారు మొహం చూసిన పాపాన పోలేదు, వంటింటి సొరుగులోనే కాపురం. దాని అంచుతో మెల్లగా తోస్తే మాడు పొరలు పొరలుగా లేచి వచ్చేది. మరీ మొండికేస్తే, సోడా నీళ్ళతో సహా గిన్నెని మళ్ళీ ఓవెన్‌లో పెట్టి సన్న సెగ మీద ఉంచేది. ఏ వేడి పట్టించిందో ఆ వేడితోనే వదిలించాలి అనేది.

అదే పద్ధతి అన్నయ్య మీద కూడా వాడేది. ఆయన అలక మీకు తెలియంది కాదు. ఒకసారి ఏదో పార్టీకి ఆలస్యమైందని అలిగి, ఇంట్లో ఎవరితోనూ పలకడం మానేశాడు. నేను వెళ్ళి నాలుగు కడిగేద్దామని లేస్తే వదిన నా కొంగు పట్టుకుని లాగింది. "నువ్వు వెళ్ళి గీకకు. నేను నానబెట్టాను" అంది. సాయంత్రానికి ఆయనే వంటింట్లోకి వచ్చి, కాఫీ ఏమన్నా ఉందా అని గోడని అడిగాడు. ఉందని వదిన కూడా గోడకే చెప్పింది.

నాకు కడుపు పోయిన చలికాలం గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తెలిసిన ఆడవాళ్ళంతా వచ్చి మంచిమాటలు చెప్పి వెళ్ళారు. వదిన ఒక్కతే ఏమీ చెప్పలేదు. నా సింకులో ఉన్నవన్నీ కడిగి, ఒక్క గాజు గిన్నెలో మాత్రం నీళ్ళు పోసి వదిలేసింది. "ఇది నానాలి. రేపొచ్చి కడుగుతా, నువ్వు ముట్టుకోకు" అని వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి అది కడిగింది, ఇంకొకటి నానబెట్టింది. ఆ చలికాలమంతా నా సింకులో ఏదో ఒక గిన్నె నానుతూనే ఉంది. కొన్నిటికి అసలు మాడే లేదు. ఆ సంగతి నేను చూశాను, చూసినట్టు పైకి అనలేదు. రేపు వదిన వస్తుంది అనే ఒక్క ధైర్యంతో ఆ రోజులు వెళ్ళదీశాను.

ఇంకొకటి చెప్పాలి. వదిన గోదావరి జిల్లాలో వాళ్ళ నాయనమ్మ దగ్గర పెరిగింది. ఆ ఇంట్లో కొన్ని మాటలు నోట రానిచ్చేవాళ్ళు కాదు. బియ్యం 'అయిపోయాయి' అనకూడదు, 'నిండుకున్నాయి' అనాలి. దీపం 'ఆర్పు' అనకూడదు, 'పెద్దది చెయ్యి' అనాలి. మా ఇంట్లో అంత నాజూకు లేదు. మేం ఆర్పెయ్యి, తీసెయ్యి అని నిక్షేపంగా అనేవాళ్ళం. పెళ్ళైన కొత్తలో ఒకసారి కరెంటు పోతే అన్నయ్య లాంతరు వెలిగించాడట. కరెంటు వచ్చాక కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడుతూ "లాంతరు పెద్దది చెయ్యండి" అందట. అన్నయ్య వత్తి పైకి తిప్పాడట. "అయ్యో, పెద్దది చెయ్యండీ" అందట. ఇంకా పైకి తిప్పాడట. చిమ్నీ అంతా నల్లగా మసిబారి ఠప్పుమని పగిలిందట. "మీ ఇంజినీరింగ్ కాలేజీలో తెలుగు చెప్పలేదా?" అని ఆవిడ, "మీ నాయనమ్మకి తెలుగు తలకిందులుగా నేర్పిందెవరు?" అని ఈయన. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో వదిన ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో మీకు గుర్తుండే ఉంటుంది. చెప్పినప్పుడల్లా అన్నయ్య చెవులు ఎర్రబడేవి. ఆ సమయానికి పిల్లలు మాత్రం బేస్‌మెంట్‌లో టీవీ ముందు ఉండేవాళ్ళు.

ఇక్కడికి వచ్చాక ఆ మాటలు వాడటం తగ్గించేసింది. కూతురితో లైట్ ఆఫ్ చెయ్యి, టీవీ ఆఫ్ చెయ్యి అనేది. "మీ నాయనమ్మ వింటే?" అని నేను ఏడిపిస్తే, "ఇంగ్లీషులో అంటే దోషం లేదే" అనేది.

ఆ శనివారం పొద్దున వదిన జున్ను కలిపి ఓవెన్‌లో పెట్టింది. మధ్యాహ్నానికి కాస్త ముందు, తల పగిలిపోతోందని సోఫాలో కూలబడింది. అన్నయ్య గరాజ్‌లోంచి కారు బయటికి తీశాడు. వదిన గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి తనే ఎక్కి కూర్చుంది. తలనొప్పే కదా, తొందరగా వచ్చేస్తాం అని పన్నెండేళ్ళ కూతురిని ఇంట్లోనే ఉండమన్నారు. దారిలో వదినకి స్పృహ తప్పింది. తలలో నరం చిట్లిందని డాక్టర్లు చెప్పారు. ఇదంతా తర్వాత అన్నయ్య చెప్పగా తెలిసింది.

నేను వెళ్ళేసరికి ఆ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. బయట గడ్డకట్టే చలి, లోపల మాడు వాసన. మా మేనకోడలు కోటు వేసుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా స్మోక్ అలారం, పక్కన దాని బ్యాటరీ. "అత్తా, మమ్మీ ఎలా ఉంది?" అంది. నేను చెప్పాను. ఏ మాటల్లో చెప్పానో గుర్తు లేదు. పిల్ల కూడా "ఓకే" అంది. నేను వెళ్ళి కిటికీలు ఒక్కొక్కటే మూశాను.

అన్నయ్య ఇంటికి వచ్చి ఓవెన్ తలుపు తెరిచాడు. లోపలంతా నల్లగా ఉంది.

"ఇంత వేడి ఎవరు పెట్టారు?"

"నేనే డాడీ."

"ఎందుకు?"

పిల్ల పలకలేదు.

"ఇల్లు అంటుకునేది! ఆ మాత్రం తెలీదా నీకు? చిన్నపిల్లవా?" అని అరిచాడు. భార్య పోయిన మనిషి అరుపు అది. ఓవెన్ గురించి కాదు, పిల్ల మీద అసలే కాదు. కాని విన్నది పిల్ల. ఆ పూట నుంచి తండ్రీ కూతుళ్ళు ఒకే ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడం మొదలుపెట్టారు. ఆయన వంటింట్లోకి వస్తే అది మేడ మీదికి వెళ్ళిపోయేది. అది కిందికి దిగితే ఆయన గరాజ్‌లోకి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. మిగతా అన్నిటికీ నేను మొద్దుబారిపోయాను కాని, దీనికి మాత్రం భయం వేసింది. ఇలాగే వదిలేస్తే వదినతో పాటు వీళ్ళిద్దరూ కూడా ఒకరికొకరు పోతారనిపించింది. వదిన ఉంటే ఎలాగో నానబెట్టేది. నాకు గీకడమే వచ్చు.

ఆ రోజుల్లో మీరంతా వంటలు చేసి తెచ్చారు. అన్నీ గాజు గిన్నెలే, అడుగున మాస్కింగ్ టేప్ మీద మీ పేర్లు. నేను ఏం తిన్నానో గుర్తు లేదు, తోమడం మాత్రం గుర్తుంది. పులిహోర అంటుకున్నది ఒకటి, చీజ్ మాడిపోయినది ఒకటి. వదిన ఎవరి గిన్నె ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు. ఏమీ లేకపోతే పిడికెడు పంచదారైనా, కుండీలోంచి కోసిన కరివేపాకు రెబ్బైనా వేసి ఇచ్చేది. నేను అన్నీ ఖాళీగానే ఇచ్చాను. మైల ఇంట్లోంచి ఏం వేసి ఇస్తాం? మీరూ ఏమీ అనకుండా తీసుకున్నారు. 'వెళ్ళొస్తాం' అనకుండానే గుమ్మం దిగి వెళ్ళిపోయారు.

పిల్ల అది కనిపెట్టింది. నా పక్కన నిలబడి గిన్నె తుడుస్తూ, "అత్తా, ఎవరూ బై కూడా చెప్పట్లేదు. ఆర్ దే మ్యాడ్ ఎట్ మీ?" అంది.

"నీ మీద ఎందుకమ్మా? చావింట్లో వెళ్ళొస్తాం అనకూడదు."

"వై నాట్?"

"మళ్ళీ వస్తాం అన్నట్టు కదా. ఇలాంటి పని మీద మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు?"

"ఓ" అంది. కాసేపు తుడిచిన గిన్నెనే తుడిచింది. "తెలుగులో అనకూడనివి చాలా ఉంటాయా?"

"ఉంటాయి" అన్నాను. అంతకంటే మాట్లాడే ఓపిక నాకు లేదు.

కర్మలు అయ్యాయి. ఎవరి గిన్నెలు వాళ్ళకి చేరాయి. అప్పుడు చూస్తే వదిన జున్ను గిన్నె కనపడలేదు. అల్మరాలో లేదు, ఓవెన్ కింద సొరుగులో లేదు. ఒక మధ్యాహ్నం బియ్యం కోసం గరాజ్‌లోకి వెళితే, మంచు ఎత్తే పార వెనకాల పాత టవల్‌లో చుట్టి ఏదో ఉంది. విప్పాను. గాజు కనపడలేదు. పళ్ళెంలో నీళ్ళన్నీ ఇగిరిపోయాక ఎంతసేపు కాలిందో, జున్ను పొంగి, పక్కలకి కారి, అంతా బొగ్గులా పెచ్చుకట్టి ఉంది.

వెనకాల చప్పుడైతే తిరిగి చూశాను. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"ప్లీజ్ అత్తా, డాడీకి చెప్పకు."

"ఏం చెప్పకూడదు? మాడిపోయిందని ఆయనకి తెలుసు కదమ్మా."

"అది కాదు."

ఫ్రీజర్ మీద ఎక్కి కూర్చుంది. కాళ్ళు ఊపుతూ, పార వైపు చూస్తూ చెప్పింది.

"మమ్మీ వెళ్ళేటప్పుడు డోర్ దగ్గర ఆగింది. ఓవెన్ పెద్దది చెయ్యి అంది. నేను 'వాట్?' అన్నాను. మళ్ళీ అంది, ఓవెన్ పెద్దది చెయ్యమ్మా, అని. సో నేను ఫుల్‌గా తిప్పాను. స్మోక్ వచ్చేదాకా నేను ఆఫ్ చెయ్యలేదు, బికాజ్ మమ్మీ చెప్పింది కదా."

నేను గిన్నెని ఫ్రీజర్ మీద, దాని పక్కన పెట్టాను.

"జున్ను ఆల్రెడీ అయిపోయింది అత్తా. నాకు తెలుసు, మమ్మీకి కూడా తెలుసు. అయినా పెద్దది చెయ్యి అంది. అంటే అప్పటికే తన బ్రెయిన్... డాక్టర్ చెప్పాడు కదా. ఏం మాట్లాడుతోందో తనకే తెలీదు. నాతో లాస్ట్‌గా చెప్పింది జస్ట్ నాన్‌సెన్స్. డాడీకి చెప్తే హీ విల్ ఫీల్ సో బ్యాడ్. అందుకే చెప్పలేదు."

తండ్రి అంతగా అరిచినా నోరు విప్పకపోవడానికి కారణం ఇదన్నమాట. తల్లి చివరికి మతి లేకుండా మాట్లాడిందని తండ్రికి తెలియకూడదని, ఆ తిట్లు తన మీదే వేసుకుని, గిన్నెని టవల్‌లో చుట్టి దాచింది ఈ పిల్ల.

లాంతరు కథ తెలిసిన వాళ్ళు కాబట్టి మీకూ అర్థమై ఉంటుంది. కాని పిల్లకి ఎలా చెప్పను? చెప్పకపోతే తల్లి పిచ్చిమాటతో పోయిందని ఎప్పటికీ అనుకుంటుంది. చెబితే, అమ్మ ఆఖరుసారి చెప్పిన పనిని తలకిందులుగా చేశానని అనుకుంటుంది. నా నోటి తొందర నాకు తెలుసు. అక్కడే, ఆ చలిలో, ఒక్క వాక్యంలో అనేసి ఉంటే గీత పడిపోయేది. వదినైతే ఏం చేస్తుంది అనుకున్నాను.

"లోపలికి రా. దీన్ని నానబెడదాం" అన్నాను.

కెటిల్‌లో నీళ్ళు కాచాం. పిల్లే సోడా వేసింది, పిడికెడు అంటే ఎంత అని నా పిడికిలి చూసి మరీ వేసింది. ఇది మొండి రకం కాబట్టి వదిన చేసినట్టే నీళ్ళతో సహా పళ్ళెంలో పెట్టి ఓవెన్‌లోకి తోశాను. పిల్ల ఓవెన్ నాబ్ ముట్టుకోలేదు, దూరంగా జరిగి నిలబడింది. నేనే సన్న సెగ మీద పెట్టాను. స్టవ్ మీద చిన్న ఎర్ర బల్బు వెలిగింది. అప్పుడు మెట్ల దగ్గరికి వెళ్ళి అన్నయ్యని పిలిచాను.

గడ్డం పెరిగిపోయి, స్వెటర్ తిరగేసి వేసుకుని దిగి వచ్చాడు. కూతురిని చూసి వెనక్కి తిరగబోయాడు.

"కూర్చో అన్నయ్యా. లాంతరు కథ చెప్పు."

"ఇప్పుడా? నీకేమన్నా బుద్ధుందా?"

"దీనికి తెలీదు ఆ కథ. నువ్వే చెప్పాలి."

ఆ కథ ఎప్పుడూ వదిన చెప్పేది. ఆయన పని చెవులు ఎర్రబడటం వరకే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత, కూతురి కోసం సగం ఇంగ్లీషులో, తడుముకుంటూ మొదలుపెట్టాడు. పెళ్ళైన కొత్త, పవర్ కట్, లాంతరు అంటే ఏంటో, దానికి గాజు చిమ్నీ ఉంటుందని. "మీ మమ్మీ లాంతరు పెద్దది చెయ్యండి అంది. నేను పెంచాను. మళ్ళీ అంది. ఇంకా పెంచాను. గ్లాస్ అంతా బ్లాక్ అయిపోయింది. పగిలిపోయింది."

"ఎందుకు పెంచమంది?"

"పెంచమనలేదమ్మా. వాళ్ళింట్లో పెద్దది చెయ్యడం అంటే ఆపెయ్యడం. ఆర్పు అనే మాట అనకూడదు, మంచిది కాదు. అందుకని అలా అంటారు."

"పెద్దది మీన్స్ ఆఫ్?"

"ఆఫ్."

పిల్ల ఓవెన్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను ఊ అన్నట్టు తలూపాను.

"డాడీ" అంది. "మమ్మీ ఆ రోజు నాతో ఓవెన్ పెద్దది చెయ్యి అంది."

అన్నయ్యకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నేను ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ముందు చెవులు ఎర్రబడ్డాయి, కథ విన్నప్పుడల్లా ఎర్రబడినట్టే. తర్వాత కళ్ళు.

"ఎప్పుడు?"

"కార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు. రెండుసార్లు అంది. సో... తనకి తెలుసా? ఏం చెప్తోందో మమ్మీకి తెలుసా?"

"తెలుసు నాన్నా. బాగా తెలుసు."

"కాని నేను రాంగ్ చేశాను."

"నేనూ అదే చేశాను కదే. అంత పెద్దవాణ్ణి, తెలుగు ఊళ్ళో పుట్టినవాణ్ణి. నాకే అర్థం కాలేదు."

"మమ్మీ తిట్టిందా?"

"తిట్టలేదు. నవ్వింది" అన్నాడు అన్నయ్య. "మొన్న మొన్నటిదాకా నవ్వుతూనే ఉంది కదా." పిల్ల లేచి వెళ్ళి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. ఆయన దాని తల మీద చెయ్యి వేశాడు. నా మీద అరవమాకు డాడీ అంది. అరవనమ్మా అన్నాడు.

రోజూ 'ఆఫ్' అనే మనిషికి ఆ పూట 'ఆఫ్' ఎందుకు రాలేదో నాకు తెలీదు. అంత నొప్పిలో ఇంగ్లీషు దొరికి ఉండదు. లేదా పిల్లని ఒంటరిగా వదిలి గడప దాటుతూ, అనకూడని మాట ఏ భాషలోనూ అనాలనిపించలేదేమో. మతి మాత్రం ఎక్కడికీ పోలేదు. నాయనమ్మ నేర్పినట్టు, ఉన్నది ఉన్నట్టు, సరిగ్గా చెప్పి వెళ్ళింది.

ఓవెన్‌లో నీళ్ళు సన్నగా కాగుతున్నాయి. ముగ్గురం అక్కడే కూర్చున్నాం, ఎవరూ లేచి వేలు పెట్టి చూడలేదు. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. వచ్చిందని రాస్తే మీకు బాగుండేదేమో కాని, వదిన దగ్గర అబద్ధం చెల్లేది కాదు. కాసేపటికి లేచి తలుపు అద్దంలోంచి చూశాను. నల్లటి పెచ్చు ఒక మూల గాజుని వదిలి కొంచెం పైకి లేచింది. ఆ మూల నుంచి కింద ఉన్న పళ్ళెం కనపడుతోంది.

నేను కోటు వేసుకున్నాను. "అది చల్లారేదాకా బయటికి తియ్యకండి. ఇంకా నానాలి. రేపొచ్చి కడుగుతా, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను.

పిల్ల కుర్చీలోంచి లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళింది. నాబ్ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి వాళ్ళ నాన్నని అడిగింది.

"డాడీ, ఓవెన్ పెద్దది చెయ్యనా?"

"చెయ్యమ్మా."

తిప్పింది. టిక్కుమంది. స్టవ్ మీద చిన్న ఎర్ర దీపం పెద్దదయింది.